కండక్ట్ కాలమ్‌లో మీరు రాసే ఆ ఒక్క మాట: హైదరాబాద్ జూనియర్ కాలేజీల ప్రిన్సిపాళ్లకు బహిరంగ లేఖ

ప్రిన్సిపాల్ గార్లకు నమస్కారం.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో నెట్ సెంటర్ నడుపుతాను. రోడ్డు మధ్యలో మెట్రో పిల్లర్లు లేవకముందు నుంచీ ఇక్కడే ఉన్నాను. మీ పిల్లలు మీ దగ్గర రెండేళ్లు ఉంటారు, నా దగ్గర పావుగంట. ఎప్‌సెట్ అప్లికేషనో (మా నోట ఇంకా ఎంసెట్టే), నీట్ ఫారమో, డిగ్రీ సీటు కోసం దోస్త్ రిజిస్ట్రేషనో పెట్టుకుని, ఫొటో సైజు తగ్గించుకుని, సంతకం స్కాన్ చేయించుకుని వెళ్లిపోతారు. నాలుగేళ్ల తర్వాత వాళ్లలో కొందరు మళ్లీ వస్తారు, ఈసారి చేతిలో పాస్‌పోర్టుతో.

మీరిచ్చిన టీసీలు వేల కొద్దీ స్కాన్ చేశాను. అందులో కండక్ట్ అని ఒక కాలమ్ ఉంటుంది. దాని ఎదురుగా ఎప్పుడూ ఒకటే మాట, గుడ్. మరీ ఉదారమైన ప్రిన్సిపాల్ అయితే వెరీ గుడ్. ఇరవై ఏళ్లలో అక్కడ ‘బ్యాడ్’ అని రాసిన టీసీ నా స్కానర్ మీదికి రాలేదు. గోడ దూకి మార్నింగ్ షోకి పోయినవాడికీ గుడ్డే, ల్యాబులో పిపెట్ విరగ్గొట్టి పక్కవాడి మీద చెప్పినవాడికీ గుడ్డే. మొదట్లో ఆ మాట చూసి నవ్వుకునేవాణ్ని. ఇప్పుడు ఆలోచిస్తే మీ ముందుతరం ప్రిన్సిపాళ్లు ఎంత పెద్ద మనసుతో ఆ పని చేశారో తెలుస్తోంది. పదహారేళ్ల వయసులో చేసే తలతిక్క పనులన్నీ ఆ ఒక్క మాట కింద కప్పేసి, పిల్లవాణ్ని కొత్తగా బయటికి పంపేవారు.

ఆ కాలమ్ నింపే పని ఇప్పుడు మీ ఒక్కరి చేతిలోనే లేదు. అందుకే ఈ లేఖ.

నిరుడు వానాకాలంలో ఒక అమ్మాయి వాళ్ల నాన్నగారితో వచ్చింది. బీటెక్ అయిపోయింది, అమెరికాలో ఎంఎస్‌కి సీటు వచ్చింది, వీసా కోసం డీఎస్-160 నింపాలి. ఆ ఫారంలో సోషల్ మీడియా పేజీ ఒకటుంది. గత ఐదేళ్లలో ఏయే వేదికలు వాడారో, వాటిలో మీ పేరు ఏమిటో రాయాలి. 2019 నుంచీ ఉన్న ప్రశ్నే ఇది. 2025 జూన్‌లో మాత్రం గట్టిగా బిగించారు. విద్యార్థి వీసా అడిగేవాళ్లంతా తమ అకౌంట్లను పబ్లిక్‌గా పెట్టాలన్నారు. ఏదైనా హ్యాండిల్ (అకౌంట్ పేరు) దాచిపెడితే వీసా రాకపోవచ్చు, ఇక ముందు కూడా అర్హత పోవచ్చు అని ఇక్కడి ఎంబసీ వాళ్లే ప్రకటించారు.

ఇన్‌స్టాగ్రామ్ ఐడీ చెప్పమ్మా అన్నాను. చెప్పింది. ఇంకేమైనా ఉన్నాయా అన్నాను. లేవంది. కానీ కళ్లు స్క్రీన్ మీద లేవు, వాళ్ల నాన్నగారి చెప్పుల మీద ఉన్నాయి. ఇన్నేళ్లుగా ఈ కుర్చీలో కూర్చున్నవాడికి ఆ చూపు తెలుస్తుంది. “సార్, సర్వర్ స్లోగా ఉంది, మీరలా వెళ్లి ఒక టీ తాగి రండి” అన్నాను. ఆయన గుమ్మం దాటగానే, “అంకుల్, ఇంకోటి ఉంది” అంది.

ఇంటర్లో హాస్టల్‌లో ఉన్నప్పుడు పెట్టుకున్న దొంగ అకౌంటట. ఫోను అనుమతి లేదు కదా. ఆదివారం ఔటింగ్‌కి వచ్చినప్పుడు వాళ్లక్క ఫోన్లో రాసుకునేది. వార్డెన్ మీద తిట్లు, వీక్లీ టెస్టుల మీద ఏడుపు, ఒకసారి ‘ఈ బిల్డింగ్ తగలబడిపోతే బాగుండు’ అని ఒక స్టోరీ. ఆ తర్వాత కూడా అదే అకౌంట్లో స్నేహితులతో మాట్లాడుతూ వచ్చింది కాబట్టి ఐదేళ్ల లెక్కలోకి వస్తుంది. “రాయాలా అంకుల్?” అంది. రాయాలమ్మా అన్నాను. రాసింది. నాన్నగారు టీ తాగి వచ్చేసరికి ఆ పేజీ దాటేశాం.

ఒక్క లెక్క చూడండి. ఎంఎస్‌కి వెళ్లే పిల్లకి ఇరవై ఒకటో ఇరవై రెండో ఉంటాయి. ఐదేళ్లు వెనక్కి పోతే పదహారు, పదిహేడు. అంటే మీ కాలేజీ. డిగ్రీకే విదేశం వెళ్దామనుకునే పిల్లలకైతే ఎనిమిదో తరగతి దాకా పోతుంది. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ కిటికీ ముందు నిలబడేది బీటెక్ పట్టా చేతిలో ఉన్న మనిషే, కానీ లోపల వాళ్లు చదివేది మీ హాస్టల్‌లో నిద్ర చాలక కళ్లు మండిన పిల్ల రాసుకున్న మాటలు. వీసాల దేవుడని పేరున్న చిలుకూరు బాలాజీ నయం. ముందు 11 ప్రదక్షిణలు, పని అయ్యాక 108. హ్యాండిల్స్ అడగడు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే వాట్సాప్ గ్రూపుల్లో తల్లిదండ్రులను భయపెట్టే మెసేజీలు తిరుగుతున్నాయి. ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో గానీ, ఐఐటీ సీట్ల జోసాలో గానీ, నీట్‌లో గానీ ఎవరూ ఇన్‌స్టాగ్రామ్ చూడరు. ర్యాంకు, కేటగిరీ, ఆప్షన్లు, అంతే. మన పద్ధతిలో సవాలక్ష లోపాలున్నా ఈ ఒక్క విషయంలో అది గుడ్డిది, ఆ గుడ్డితనం మంచిదే. బయటి దేశాలకు వెళ్లేవాళ్లకీ, ఇంటర్వ్యూ పెట్టి సీటిచ్చే చోట్లకు వెళ్లేవాళ్లకీ కథ వేరు. మార్కులతో పాటు మనిషిని కూడా చూస్తామంటారు వాళ్లు. మనిషిని చూడటమంటే ఎక్కడిదాకా చూడటం అన్నదే గొడవ.

అమెరికాలో కప్లాన్ అనే కోచింగ్ సంస్థ ఏటా అడ్మిషన్ ఆఫీసర్లను ఈ విషయం అడుగుతూ వచ్చింది. పిల్లల సోషల్ మీడియా చూశామని 2008లో చెప్పినవాళ్లు దాదాపు 10 శాతం. 2015కి 40 శాతమయ్యారు. 2018కి మళ్లీ 25 శాతానికి దిగారు. పిల్లలు తెలివి మీరి, కొంతసేపటికి మాయమైపోయే యాప్‌లకు మారిపోవడం కూడా ఆ తగ్గుదలకు ఒక కారణమని అప్పట్లో చెప్పుకున్నారు. అంటే ప్రతి ఆఫీసరూ భూతద్దం పట్టుకుని కూర్చోలేదు. మరి సీట్లు ఎలా పోతున్నాయి?

హార్వర్డ్‌లో 2017లో జరిగింది చూడండి. సీట్లు వచ్చిన పిల్లలు ఫేస్‌బుక్‌లో ఒక ప్రైవేటు గ్రూపు పెట్టుకుని అందులో లైంగిక దాడుల మీద, యూదుల ఊచకోత మీద, పిల్లల చావుల మీద మీమ్‌లు వేసుకున్నారు. కనీసం పదిమందికి ఇచ్చిన సీటు వెనక్కి తీసుకున్నారు. వాళ్ల మీద నాకు జాలి లేదు, నిజం చెప్తున్నా. చచ్చిన పిల్లల మీద జోకులేసినవాడు పక్క గదిలో ఉంటే నా కూతుర్ని ఆ హాస్టల్‌లో చేర్చను. 2019లో అదే యూనివర్సిటీ ఇంకో కుర్రాడి సీటు తీసేసింది. పదహారేళ్లప్పుడు తోటి పిల్లలతో కలిసి రాసుకున్న ఒక గూగుల్ డాక్యుమెంట్లోనూ, మెసేజీల్లోనూ నల్లజాతివాళ్లను నీచంగా అన్నాడు. బయటపడ్డాక క్షమాపణ చెప్పాడు. యూనివర్సిటీ వినలేదు. ఈ రెండో దగ్గర నేను ఇటూ అటూ ఊగుతున్నాను. అన్న మాట దారుణం. కానీ పదహారేళ్లప్పటి మాటకు పద్దెనిమిదేళ్లకు వేసే శిక్ష ఎంత ఉండాలో తేల్చగలిగేంత పెద్దవాణ్ని కాదు నేను.

మీరు గమనించాల్సిందేమంటే, ఈ రెండు చోట్లా సంగతి బయటపడింది ప్రైవేటు అనుకున్న చోటు నుంచే. నలుగురున్న గ్రూపులో ఏ ఒక్కరు బయటపెట్టినా పోయినట్టే. మన భాషలో చెప్పాలంటే పక్క బెంచీవాడు. వాడి గ్యాలరీలో మూడేళ్ల కిందటి స్క్రీన్‌షాట్ పడి ఉంటుంది. వీడికి సీటొచ్చిన రోజు అది బయటికొస్తుంది. కాబట్టి ‘అకౌంట్ ప్రైవేటులో పెట్టుకో’ అని చెప్పి చేతులు దులుపుకుంటే సరిపోదు. పిల్లలకు ఈ సంగతి చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా మీ దగ్గర?

తెలుగు పిల్లలకు ఇంకో బాధ ఉంది. మన పొగడ్త కూడా తిట్టులాగే ఉంటుంది. పాట బాగా పాడితే ‘చంపేశావ్ పో’ అంటాం. హీరో బాగా చేస్తే ఇరగదీశాడు, చించేశాడు, తగలెట్టేశాడు. రిలీజ్ రోజు సంధ్య థియేటర్ దగ్గర నిలబడి ‘ఇవాళ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ బద్దలైపోద్ది’ అని స్టోరీ పెట్టని కుర్రాడు మీ కాలేజీలో ఉన్నాడా? ఫ్యాన్స్ గొడవల్లో ‘మీ హీరోని లేపేస్తాం’ అన్నవాడికి ఆ మాటకు అర్థం వసూళ్లు దాటేస్తాం అని మాత్రమే. ఇదంతా ఒక మిషను అనువాదం చేసి ఎవరి టేబుల్ మీదైనా పెడితే ఏమవుతుందో ఊహించండి. నేను ఒకసారి సరదాగా మా మేనల్లుడి ట్వీట్లు అనువాదంలో పెట్టి చూశాను. నవ్వాను గానీ, రెండో నిమిషంలో నవ్వు ఆగిపోయింది. తెలుగు రానివాడి కళ్లకు మా వాడు ఊళ్లు తగలబెట్టే మనిషిలా కనిపించాడు. పాపం వాడికి బొద్దింకంటే భయం.

ఆ మేనల్లుడి సంగతే చెప్పాలి. మా అక్క కొడుకు. సిరిసిల్ల నుంచి వచ్చి నగరంలో ఒక జూనియర్ కాలేజీ హాస్టల్‌లో ఎంపీసీ చదివాడు. పరీక్షలు అయిపోయాక ఒక రీల్ చేశాడు. హాస్టల్ పప్పుచారులో గరిటె ముంచి, ఎత్తి, పప్పు కోసం వెతుకుతున్నట్టు నటించాడు. వెనకాల విషాద సంగీతం. ఇరవై సెకన్లు ఉంటుందేమో. బాగా తిరిగింది. ఎప్‌సెట్‌లో సీటొచ్చింది, చేరడానికి టీసీ కావాలి. తెచ్చుకోవడానికి వెళ్తే ప్రిన్సిపాల్ గారు ఆ రీల్ తన ఫోన్లో చూపించి, ఇది తీసేసి, క్షమాపణ రాసిచ్చి, తండ్రిని తీసుకురమ్మన్నారు. లేదంటే కండక్ట్ దగ్గర ఏం రాయాలో తనకు తెలుసన్నారట. మా బావ బతుకమ్మ చీరల మగ్గం ఆపి బస్సెక్కి వచ్చాడు. రిపోర్టింగ్ గడువు మర్నాడే. రీల్ తీసేశాడు, లెటర్ రాశాడు, టీసీ తెచ్చుకున్నాడు. నా దగ్గరికే స్కాన్ చేయించుకోవడానికి వచ్చాడు. కండక్ట్ ఎదురుగా గుడ్ అనే ఉంది. “మామా, ఈ గుడ్ నాదేనా?” అన్నాడు.

ఆ కాలేజీ పేరు రాయను, నా గొడవ ఒక్క కాలేజీతో కాదు. కానీ ఆ ప్రిన్సిపాల్ గారిని ఒకటి అడగాలని ఉంది. పప్పుచారులో పప్పు ఉందా లేదా అన్న ప్రశ్నకు జవాబు రాలేదు కదండీ?

మా షాపు పై అంతస్తులో ఒక అడ్వకేట్ గారి ఆఫీసు ఉంది. కాగితాలు జెరాక్స్ తీయించుకోవడానికి వచ్చినప్పుడల్లా నాకు లా క్లాసు పడుతుంది, ఫీజు లేకుండా. ఈ సంగతి చెప్తే ఆయన మూడు కేసులు చెప్పారు. 2019లో కేరళలో, హాస్టల్‌లో సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా ఫోన్లు ఇచ్చేయాలన్న రూలు ఒప్పుకోనందుకు ఒక డిగ్రీ అమ్మాయిని హాస్టల్ నుంచి పంపేస్తే, ఇంటర్నెట్ అందుబాటు చదువుకునే హక్కులో, గోప్యత హక్కులో భాగమని హైకోర్టు చెప్పి ఆమెను మళ్లీ చేర్చుకోమంది. 2025 మేలో పుణెలో పందొమ్మిదేళ్ల ఇంజినీరింగ్ అమ్మాయి ఆపరేషన్ సిందూర్ మీద ఒక పోస్టు షేర్ చేసి, తీసేసి, క్షమాపణ కూడా చెప్పింది. అయినా కాలేజీ బహిష్కరించింది, పోలీసులు అరెస్టు చేశారు. బాంబే హైకోర్టు ఆ బహిష్కరణను ఆపి, బెయిలిచ్చి, పరీక్షలు రాయనివ్వమంది. పోస్టు మంచిదని ఎవరూ అనలేదు. సంజాయిషీ కూడా వినకుండా చదువు మీద వేటు వేసిన పద్ధతిని కోర్టు తప్పుపట్టింది.

మూడోది నాకు బాగా పట్టింది. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు ఇచ్చిన పుట్టస్వామి తీర్పులో జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్ విడిగా రాసిన భాగం ఉంది. మనుషులు మరిచిపోతారు గానీ ఇంటర్నెట్ మరిచిపోదు, మనల్నీ మరిచిపోనివ్వదు అంటూ, పిల్లలు తెలిసీ తెలియక చేసిన పొరపాట్ల ఫలితం జీవితాంతం మోయకూడదని అందులో అన్నారు. అడ్వకేట్ గారు ఆ పేజీ నాతోనే జెరాక్స్ తీయించి నాకే ఇచ్చారు. కౌంటర్ గ్లాసు కింద పెట్టాను. మీ టీసీల్లో గుడ్ అన్న మాట చేసే పనే అది కదా, కొంచెం పెద్ద మాటల్లో.

ఇంకో విషయం. పిల్లల పోస్టుల గురించి మాట్లాడుతున్నాం గానీ, పిల్లల గురించి అందరికంటే ఎక్కువ పోస్టులు పెట్టేది ఎవరు? మీరే. ఫలితాల రోజు ఎల్బీనగర్ నుంచి కూకట్‌పల్లి దాకా ఏ ఫ్లైఓవర్ ఎక్కినా మీ పిల్లల ముఖాలే. పేరు, మార్కులు, ఊరు, కొన్నిసార్లు ‘ఆటోడ్రైవర్ కూతురు’ అని కూడా. అవే మళ్లీ మీ ఫేస్‌బుక్ పేజీల్లో. ఆ ఆటోడ్రైవర్ని అడిగారా? ఆ పిల్లని అడిగారా? 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లంతా పిల్లలే, వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. చట్టం ఇంకా మెల్లగా ఒక్కో మెట్టూ ఎక్కుతోందని అడ్వకేట్ గారంటారు. మీరు అప్పటిదాకా ఆగక్కర్లేదు.

మరి నన్నేం చేయమంటావు అంటారా? ఫోన్లు లాక్కోవడం మీకు బాగా వచ్చు, అది చాలలేదు. పిల్లల ఐడీలు అడిగి తీసుకుని ఒక లెక్చరర్ని కాపలా పెట్టడం ఇంకా తప్పు. అమెరికాలోని కాలిఫోర్నియాలో 2013 నుంచీ ఒక చట్టం ఉంది. అక్కడి కాలేజీలు విద్యార్థులను గానీ చేరబోయేవాళ్లను గానీ సోషల్ మీడియా వివరాలు ఇవ్వమని అడగకూడదు. వింతేమంటే అదే దేశం వీసా దగ్గర మన పిల్లల్ని అన్నీ అడుగుతోంది. వాళ్ల గుమ్మం, వాళ్ల రూలు. అది మార్చడం మన వల్ల కాదు. ఈ గుమ్మం దగ్గరిది మాత్రం మీ చేతిలో ఉంది.

సెకండియర్ పిల్లలకి ప్రాక్టికల్స్ అయ్యాక, పబ్లిక్ పరీక్షల ముందు, ఒక్క గంట ఇవ్వండి. కెరీర్ గైడెన్స్ అని పిలిచి ఏదో కన్సల్టెన్సీవాడికి మైకు ఇచ్చే గంట కాదు. అలాంటి ఒకతను ‘ప్రొఫైల్ క్లీనింగ్’ అని ఒక పిల్లవాడి దగ్గర మూడు వేలు తీసుకుని అకౌంట్లన్నీ డిలీట్ చేయించి, ఫారంలో సోషల్ మీడియా ఏదీ లేదని రాయమన్నాడు. ఆ ఫారం నా దగ్గరికి వచ్చింది కాబట్టి తెలిసింది. అకౌంట్ డిలీట్ చేసినా గత ఐదేళ్లలో వాడినట్టే లెక్క, లేదని రాస్తే అబద్ధం. పప్పుచారు రీల్ వల్ల వీసా పోయేది అనుమానమే, ఈ అబద్ధంతో మాత్రం నిజంగానే పోవచ్చు. ఇది చెప్పడానికి ఎన్ని నిమిషాలు పడుతుంది? ఏయే అకౌంట్లు వాడావో ఒక నోట్‌బుక్ చివరి పేజీలో రాసి ఉంచుకో అని చెప్పండి. కులం మీద, మతం మీద, ఆడపిల్లల మీద వేసే జోకు గ్రూపులో నవ్వు తెప్పించినా, బయట నిన్ను ఒంటరిగా నిలబెడుతుందని చెప్పండి. షేర్ చేసే ముందు అది నిజమా అని చూడమనండి. 2025లో కంచ గచ్చిబౌలి చెట్ల గొడవప్పుడు ఏఐతో చేసిన బొమ్మలను నిజం ఫొటోలనుకుని పెద్దపెద్దవాళ్లే షేర్ చేశారు, కేసులు కూడా పెట్టారు. చెట్ల కోసం మాట్లాడటం తప్పని చెప్పకండి. ఆ చెట్లు కొట్టడం ఆపమన్నది సుప్రీంకోర్టే. పిల్లలు నోరు మూసుకోవడం నేర్చుకుంటే ఆ గంట వృథా.

రెండోది, మీ కాలేజీలో పోస్టుల గురించి రూలు ఏదైనా ఉంటే కాగితం మీద రాసి, చేరేటప్పుడే ఇవ్వండి. తోటి పిల్లని ఏడిపించే పోస్టుకూ, హాస్టల్ కూర మీద వేసిన జోకుకూ తేడా అందులో కనపడాలి. మొదటిదానికి శిక్ష వేయండి, నేనే వచ్చి సాక్షి సంతకం పెడతాను. రెండోదానికి వంటమనిషిని పిలిచి మాట్లాడండి. ఏదేమైనా టీసీ ఆపకండి. ఆ కాగితం పిల్లవాడిది.

మా మేనల్లుడు ఇప్పుడు బీటెక్ మూడో సంవత్సరం. ఆ రీల్ మళ్లీ పెట్టలేదు. అసలు ఇప్పుడు ఏమీ పెట్టడు. ఎందుకురా అంటే “ఎందుకొచ్చిన టెన్షన్ మామా” అంటాడు. ఎంఎస్‌కి వెళ్తాడట. ఫారం నా దగ్గరే నింపుతాడు, ఆ పేజీ తొందరగానే అయిపోతుంది.

మళ్లీ ఫలితాలు వస్తాయి. హోర్డింగులకు ఫొటోలు ఏరేటప్పుడు, ఆ పిల్లల్ని పిలిచి ఒక్క మాట అడగండి, వేయమంటారా వద్దా అని. వద్దన్నవాళ్ల టీసీలో కూడా గుడ్ అనే రాయండి.

ఇట్లు,
దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక నెట్ సెంటర్ యజమాని